హైవే పక్క తిండి చూసి అమెరికా వంట ఇంతే అనకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వెళ్ళొచ్చిన తల్లిదండ్రుల అనుభవాలు పత్రికల్లో తరచూ చదువుతుంటాను. రోడ్లు, శుభ్రత, పార్కులు అన్నీ మెచ్చుకుంటారు. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: బర్గర్, పిజ్జా తప్ప వాళ్ళకంటూ ఓ వంట లేదని. మా జడ్చర్లలో పెళ్ళి పందిట్లో కూర్చున్నా ఇదే వినబడుతుంది. ఈ మాట నిజం కాదు. నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా, అంటే రైతులకు సాగు పద్ధతులు చెప్పే అధికారిగా చేసి రిటైరయ్యాను. పల్లి, మక్క, జొన్న రైతుల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది. మా అబ్బాయి అట్లాంటాలో ఉండటంతో జార్జియా రాష్ట్రం తిరిగి చూశాను.

సవానా వైపు పాత రోడ్డు మీద పోతుంటే చేత్తో రాసిన బోర్డు పెట్టుకుని ఒక పెద్దాయన పచ్చి పల్లికాయ ఉడకబెట్టి అమ్ముతున్నాడు. ఉప్పునీళ్ళు కారుతుండగానే గరిటెతో తీసి సంచిలో పోసిచ్చాడు. మనం తొందరగా దించేస్తాం, వాళ్ళు గంటల తరబడి ఉడికిస్తారు. గింజ వెన్నలా అవుతుంది, ఉప్పు లోపలిదాకా పడుతుంది. కారం వేసిన రకం కూడా ఉంది, నాకు అదే నచ్చింది. పక్కనున్న సౌత్ కరోలినా 2006లో చట్టం చేసి మరీ ఉడికిన పల్లికాయను రాష్ట్ర అధికారిక చిరుతిండిగా ప్రకటించింది. పల్లికి పేరున్న మన పాలమూరులో ఆ పని ఎవరూ చేయలేదు!

ఇదొక్కటే కాదు. మక్కల్ని రవ్వ పట్టించి వండే గ్రిట్స్ మన గటకే, కాకపోతే వెన్న వేసుకుని రొయ్యల కూరతో తింటారు. వేసవిలో బెండకాయ అక్కడ బాగా వండుకుంటారు. జనవరి ఒకటిన బబ్బెర్లూ బియ్యమూ కలిపి హాపిన్ జాన్ వండుకుంటారు, తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. మక్కను ముందు నుంచీ పండించింది అక్కడి ఆదివాసులు. బెండ, బబ్బెర్లు ఆఫ్రికా నుంచి వచ్చాయి. కరోలినా, జార్జియా తీరంలో వరి పొలాలు తయారైంది బానిసలుగా పట్టుకొచ్చిన పశ్చిమ ఆఫ్రికా మనుషుల నేర్పుతోనే. వాళ్ళ సంతతి గల్లా గీచీ ప్రజలు ఇప్పటికీ ఆ వంట వండుకుంటున్నారు. అమెరికాకు వంటే లేదంటే వీళ్ళందరి కష్టాన్నీ తీసిపారేసినట్టే.

నా వృత్తికి దగ్గరైన మనిషి ఒకరున్నారు, జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిస తల్లికి పుట్టి శాస్త్రవేత్త అయ్యాడు. పత్తి వేసీ వేసీ నేల సత్తువ పోయిన అలబామా రైతులకు పల్లి, బబ్బెర్లు వేయమని చెప్పాడు. పండించమని చెప్పి ఊరుకోలేదు, పండింది ఎట్లా తినాలో కూడా 1916లో వేసిన కరపత్రంలో 105 రకాలుగా చెప్పాడు. విస్తరణాధికారి పని అంటే అది.

మరి మనవాళ్ళకు ఇవేవీ ఎందుకు కనబడవు? వాళ్ళు ప్రయాణం చేసేది రాష్ట్రాలను కలిపే ఇంటర్‌స్టేట్ హైవేల మీద. 1956లో అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో ఆ రోడ్లు ఊళ్ళను తప్పించి పడ్డాయి. హైవే దిగే దారుల దగ్గరంతా ఒకే పేరుతో ఊరూరా ఉండే చైన్ హోటళ్ళు వెలిశాయి. కెంటకీ రాష్ట్రంలోని కార్బిన్‌ ఊళ్ళో హోటల్ నడిపిన కల్నల్ శాండర్స్ కూడా కొత్త హైవే తన ఊరిని తప్పించి పోతుందనే 1956లో హోటల్ అమ్ముకున్నాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి, తన చికెన్ వండే పద్ధతిని ఇతర హోటళ్ళకిచ్చి కేఎఫ్‌సీని పెంచాడు. విమానం దిగి, హైవే పక్క నీలం బోర్డుల మీద హోటళ్ళ గుర్తులు చూసి ఆగి, తిని, మళ్ళీ కారెక్కితే దేశం మొత్తం ఒకే రుచి అనిపిస్తుంది. జడ్చర్ల దగ్గర హైవే హోటల్లో నాన్, పనీర్ తిని పాలమూరు తిండి ఇంతే అని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా? జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి ఏవని అడగమా?

అక్కడి తిండిలో లోపాలు లేవనను. వడ్డన మరీ ఎక్కువ, సగం చెత్తబుట్ట పాలవుతుంది. జార్జియాలో చల్లటి తీపి టీ షుగర్ ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు.

పిల్లల దగ్గరికి వెళ్ళే వాళ్ళకు నాదొక విన్నపం. ఒక్కరోజు హైవే దిగి చిన్న ఊళ్ళోకి పోనివ్వమని అబ్బాయినో అల్లుడినో అడగండి. శనివారం పొద్దున రైతులు కూరగాయలమ్మే చోటికి తీసుకెళ్ళమనండి. మీరూ ఆదివారం అనుబంధంలో ఇటువంటి వంటల గురించి రాయించండి. శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి: దక్షిణ రాష్ట్రాల్లో ఆకుకూరలోనూ బబ్బెర్లలోనూ రుచికోసం పంది మాంసం ముక్క వేస్తారు. ఆర్డర్ ఇచ్చే ముందే అడిగితే, ఉందో లేదో చెప్తారు.

ఇట్లు
ఒక రిటైర్డ్ వ్యవసాయ విస్తరణాధికారి,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా