స్నేహం ఒక్క నాయకుడితోనేనా?

మిత్రదేశంలో నాయకుడు హత్యకు గురైతే పొరుగుదేశాలూ కుదుపుకు లోనవుతాయి. మన విదేశాంగ శాఖ అందుకు ముందే సిద్ధపడాలి. 1972లో మనతో పాతికేళ్ల మైత్రీ ఒప్పందం చేసుకున్న బంగ్లాదేశ్ నేత షేక్ ముజిబుర్ రెహమాన్‌ను 1975 ఆగస్టు 15న సైనికాధికారులు చంపారు. నవంబరు 3న ఢాకా జైల్లో మరో నలుగురు అగ్రనేతల్నీ చంపడంతో పగ్గాలు అందుకోగలవారే మిగల్లేదు. అంతకన్నా ఘోరం, హంతకుల రక్షణకు సెప్టెంబరులోనే తెచ్చిన ఆర్డినెన్సు. దాని రద్దుకు 1996 దాకా పట్టింది. శిక్ష భయం లేక కుట్రలు సాగాయి, 1981లో అధ్యక్షుడు జియావుర్ రెహమాన్ కూడా హతుడయ్యారు. అక్కడి కల్లోలం ఎంత దూరం పాకుతుందో, అంతకుముందే తూర్పు పాకిస్తాన్ శరణార్థులతో మా మల్కన్‌గిరి జిల్లాలో వెలసిన ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) నంబర్ల ఊళ్లే సాక్ష్యం. మైత్రి ఒక్క నాయకుడితోనే ముగిసిపోకుండా నదీజలాలు, రవాణా ఒప్పందాలకు రెండు పార్లమెంట్ల ఆమోదం తీసుకోవాలి. మన రాయబారులు అక్కడి ప్రతిపక్షంతోనూ ఎప్పుడూ మాట్లాడుతుండాలి.

– ఒక పాఠకుడు, మోటు, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా