మన నర్సుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా చేతుల మీదే గడిచింది

సభ్యులందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈసారి క్లాసులకి పది టాపిక్స్ పెట్టుకుని దేన్నీ పూర్తి చేయకుండా వదిలేయడం ఎందుకని ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఒక్కటే పట్టుకున్నాం, అందులోనూ సగం టైమ్ చేతులు కడుక్కోవడానికే పోయింది. "ఇన్నేళ్ల సర్వీసు తర్వాత మాకు చేతులు కడుక్కోవడం నేర్పిస్తారా" అని మొదటి క్లాసులో సీనియర్ అక్కలు గుర్రుమన్నారు, నిజం చెప్పాలంటే లోపల నేనూ అదే అనుకున్నా. 1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే కాన్పు వార్డులో చావులు బాగా తగ్గాయి, అయినా చాలామంది పెద్ద డాక్టర్లకి అది మింగుడు పడలేదంట, మరి మనమెంత.

ఆ గుర్రు యూవీ లైటు కింద చేతులు పెట్టేదాకానే. మెరిసే జెల్‌ని శానిటైజర్ లాగే రుద్దుకుని లైటు కింద పెడితే, జెల్ తగిలిన చోట మెరుస్తుంది, తగలని చోట నల్లగా ఉండిపోతుంది. చాలామందికి బొటనవేళ్లు, వేళ్ల కొసలు నల్లగానే ఉన్నాయి, ఉంగరాలు పెట్టుకున్నవాళ్ల సంగతి ఇంక అడగొద్దు. కాన్యులా (డ్రిప్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టేటప్పుడు చర్మాన్ని లాగి పట్టుకునేది ఆ బొటనవేలితోనే కదా! శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది మనందరికీ నోటికొచ్చు, గడియారం చూస్తూ రుద్దితే గానీ ఆ 20 సెకన్లు ఎంత పొడుగో తెలీలేదు. ఇంకోటి, సీ డిఫ్ (పేగుల్లో చేరే ఒక బ్యాక్టీరియా) విరేచనాల పేషెంట్ దగ్గర శానిటైజర్ చాలదు, దాని స్పోర్లు (గట్టి పెంకుతో ఉండే రూపం) ఆల్కహాల్‌కి చావవు, సబ్బు పెట్టి కడిగేయాల్సిందే.

గ్లోవ్స్ మీద గట్టి వాదనే జరిగింది. నా మాట ఒక్కటే, గ్లోవ్స్ మనల్ని కాపాడుతున్నాయని మనం అనుకుంటాం గానీ, అవే గ్లోవ్స్‌తో యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి, బెడ్ రెయిల్ పట్టుకుని, పక్క బెడ్ డ్రిప్ సరిచేస్తే పేషెంట్‌ని ఎవరు కాపాడుతున్నట్టు? తీసేశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) క్లాసు చిన్నదే: బ్యాగ్ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు, అవసరం తీరిందా లేదా అని రోజూ అడిగి తీయించేయాలి.

నీడిల్ ప్రిక్ (వాడిన సూది మనకే గుచ్చుకోవడం) విషయంలో మాత్రం మనం ఇంకా వెనకే ఉన్నాం. తిడతారని భయపడి చెప్పకుండా దాచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుచ్చుకున్న చోట పిండొద్దు, సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే రిపోర్ట్ చేయండి, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటాక లాభం ఉండదు. నీడిల్‌కి మళ్లీ క్యాప్ పెట్టే అలవాటు మానుకుంటే చాలా గుచ్చుకోవడాలు అసలు జరగవు. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తి కానివాళ్లు దయచేసి పూర్తి చేసుకోండి.

మే 5 హ్యాండ్ హైజీన్ డే కదా, వచ్చే ఏడాది ఆ రోజు వార్డు వార్డుకీ లైటు పట్టుకెళ్దామని కమిటీ అనుకుంటోంది. ఈలోపు ఎవరికైనా కావాలంటే జెల్, లైటు సంఘం గదిలోనే ఉన్నాయి, ముందురోజు చెప్పి తీసుకెళ్లండి, తిరిగిచ్చేటప్పుడు ఛార్జర్ కూడా ఇవ్వండి, పోయినసారి లైటు ఒక్కటే వచ్చింది.