చింతగింజలు, నీడ కర్ర, చుక్కల ముగ్గు: కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2023–24

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పార్కు గేటు మరమ్మతు, ఇంకుడు గుంతల పూడికతీత, వినాయక చవితి, బతుకమ్మ ఏర్పాట్లు మీరంతా చూసినవే. వాటి ఖర్చులు కోశాధికారి సమర్పించే లెక్కల్లో ఉన్నాయి. మీలో చాలామంది దగ్గరగా చూడని పని ఒకటుంది. మన వీధి చివరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ప్రతి శనివారం గంటసేపు లెక్కలు, సైన్సు పిల్లల చేతులతోనే చేయించాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు మన పొరపాటు చెప్పాలి. కిందటేడాది చందాలు వేసుకుని బడికి ఒక సైన్సు కిట్టు కొనిచ్చాం. జూన్‌లో వెళ్లి చూస్తే అది బీరువాలో, కట్టిన తాడు కూడా విప్పకుండా ఉంది. టీచర్లను తప్పుపట్టలేం. స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన గాజు సామాను పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది వాళ్లే. పైగా ఒక్కో టీచరు రెండేసి తరగతులు చూసుకుంటున్నారు. కొనిచ్చి వచ్చేశామే గాని, అది ఎవరు వాడతారు, ఎప్పుడు వాడతారు అని మనం అడగలేదు. అందుకే ఈసారి పగిలినా పోయినా ఎవరూ లెక్క అడగని వస్తువులే పట్టుకెళ్లాం. ముఖ్యంగా మనుషులం వెళ్లాం.

రెండు, మూడు తరగతులతో చింతగింజలు మొదలుపెట్టాం. నూట ఐదు రాయమంటే చాలామంది 1005 అని రాశారు. వినబడింది విన్నట్టు రాశారు, నూరు, పక్కన ఐదు. ఆ పొరపాటులో ఒక తర్కం ఉంది కాబట్టి ‘తప్పు’ అని కొట్టేస్తే పోదు. పది గింజలు ఒక అగ్గిపెట్టెలో, పది అగ్గిపెట్టెలు ఒక మిఠాయి పెట్టెలో సర్దించాం. అప్పుడు నూట ఐదంటే ఒక మిఠాయి పెట్టె, ఐదు విడి గింజలు. ఒక బాబు ఆ రెంటి మధ్యలో ఖాళీ అగ్గిపెట్టె పెట్టాడు. ఎందుకని అడిగితే, ‘ఇక్కడ ఎవరూ లేరని తెలియాలి కదా’ అన్నాడు. సున్నా గురించి అంతకంటే బాగా నేను చెప్పలేను.

తీసివేతల దగ్గర మాకే ఒక పాఠం దొరికింది. పక్క స్థానం నుంచి ‘అప్పు తెచ్చుకోవడం’ అని మనమంతా నేర్చుకున్న మాట వాడితే, మూడో తరగతి పాప లేచి, ‘తాతయ్యా, ఆ అప్పు మళ్లీ ఎప్పుడు తీరుస్తాం?’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నూట ఐదులోంచి ముప్ఫై ఎనిమిది తీయాలంటే మిఠాయి పెట్టె విప్పాలి, అందులోని ఒక అగ్గిపెట్టె కూడా విప్పాలి. అప్పు ఎక్కడా లేదు, కట్టినదాన్ని విప్పుకోవడమే. ఆ రోజు నుంచి మా తరగతిలో దాని పేరు ‘పెట్టె విప్పడం’.

ఈ బడిలో తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలు కలిసి కూర్చుంటారు. తెలుగులో ఇరవై మూడు అన్నప్పుడు ఇరవై ముందు వినబడుతుంది. ఉర్దూలో తేయీస్ అంటే మూడు ముందు వినబడుతుంది. 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక థర్టీన్, థర్టీల తికమక దానికి తోడైంది. అగ్గిపెట్టెలకు ఏ భాషా అడ్డం రాలేదు. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని 2022 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కోరేది కూడా ఈ పునాదే కాబట్టి, శనివారం గంట తమకు అదనపు బరువు కాలేదని టీచర్లు చెప్పారు.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు నీడ కర్ర. దారానికి రాయి కట్టి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే పద్ధతిలో సరిచూసి, మీటరు పొడవు కర్రను బడి ఆవరణలో నిలబెట్టాం. జూన్ నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం నీడ పది సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు పడింది. మన హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. మాలో కొందరు పెద్దలు కూడా ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు.

ఆగస్టు 3 గురువారం నీడలేని రోజు, అంటే మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రత్యేకంగా వెళ్లాం. ఉదయమంతా ముసురు. పిల్లలు మబ్బుల్ని బతిమాలారు. పన్నెండు దాటాక ఎండ వచ్చింది. పన్నెండూ ఇరవై మూడుకు కర్ర చుట్టూ నేల మీద ఏమీ లేదు. ‘కర్ర నీడను మింగేసింది’ అని ఒకరు, ‘కాళ్ల కింద దాక్కుంది’ అని ఇంకొకరు. అందరూ తమ తమ కాళ్ల కిందకు వంగి చూసుకున్నారు. మరి పన్నెండింటికే ఎందుకు కాలేదని ఐదో తరగతి పిల్లలు నిలదీశారు. మన గడియారాలు చూపేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సమయం, ఆ రేఖ కాకినాడ దగ్గరగా వెళుతుంది. మనం దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల, అక్షం వంగి ఉండటం వల్ల ఆగస్టు మొదట్లో ఇంకో ఆరు నిమిషాలు కలుస్తాయి. పదహారు వరకు గ్లోబు తిప్పి చూపించాం. ఆ ఆరు నిమిషాలను పై తరగతులకు వదిలేశాం.

శనివారం మళ్లీ కొలిస్తే నీడ ఒక సెంటీమీటరు, ఈసారి ఉత్తరం వైపు! కర్రకు అటు పక్క నుంచి ఇటు పక్కకు నీడ దాటిన సంగతి పిల్లలు తమ సుద్దగీతల్లో తామే పట్టుకున్నారు. డిసెంబరు 22న అది 86 సెంటీమీటర్లయింది. ఒక పాప నీడ పక్కన పడుకుని తన ఎత్తుతో పోల్చుకుంది. ఫిబ్రవరిలో నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లినప్పుడు, గుమ్మటంలో సూర్యుడు కదులుతుంటే ‘మన కర్ర ఎక్కడుంది?’ అని అడిగారు.

సంక్రాంతి సెలవుల ముందు మన కాలనీ పెద్దమ్మ ఒకరు ముగ్గు పిండితో వచ్చారు. ఒకటి నుంచి ఏడు, మళ్లీ ఒకటి దాకా సందు చుక్క, అంటే ఒక వరుస చుక్కలు పక్క వరుస చుక్కల సందుల్లో పడతాయి. మొత్తం ఎన్ని చుక్కలని అడిగితే అందరూ వరుసగా కూడుకుంటూ పోయారు. మూలన నిలబడిన పిల్ల తల వాల్చి ఏటవాలుగా చూసి, ‘ఏడేళ్లు నలభై తొమ్మిది’ అంది. ఏటవాలు వరుసలు ఏడు, వరుసకు ఏడు చుక్కలు. అరవై ఏళ్లుగా ముగ్గులు వేస్తున్న పెద్దమ్మ చుక్కల్ని మళ్లీ లెక్కపెట్టి ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నారు.

సరిగా జరగనివీ ఉన్నాయి. మొలకల కోసం శుక్రవారం తడిపిన శనగలు సెలవుల్లో బూజు పట్టాయి. అంతకంటే పెద్ద లోపం మాది: పిల్లలు ఆలోచిస్తుండగానే జవాబు చెప్పేశాం. నవంబరు నుంచి ప్రశ్న అడిగాక మనసులో ఇరవై లెక్కపెట్టాలని నియమం పెట్టుకున్నాం. అది పాటించడం కష్టమే అయినా పాటించిన రోజున తరగతి వేరుగా ఉంది. జూన్‌లో ఉత్సాహంగా వచ్చిన సభ్యుల్లో దీపావళి తర్వాత నలుగురమే మిగిలాం. ఒక శనివారం ఎవరమూ వెళ్లలేకపోయాం. ఆ రోజు పిల్లలు గేటు దగ్గర ఎదురుచూశారని టీచరు చెప్పారు. ఆ మాట నన్నింకా బాధపెడుతోంది.

మురుగు కాలువలుండగా సంఘం బడికి ఎందుకు వెళ్లాలని సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. కాలువల పని ఆగలేదు, ఆగదు. మన ఇళ్లలో పనిచేసేవారి పిల్లలు, మన వాచ్‌మన్ల పిల్లలు చదివేది ఆ బడిలోనే. వాళ్లు మన కాలనీ పిల్లలే అని నా అభిప్రాయం. ఈ పనికి డబ్బు పెద్దగా కాలేదు, కావలసింది శనివారాలు.

బడి జూన్ 12న తెరుస్తారు. 15వ తేదీ శనివారం ఉదయం కర్రను మళ్లీ నిలబెడతాం. నెలకు ఒక్క శనివారమైనా రాగలిగినవారు పార్కు గదిలోని పుస్తకంలో పేరు రాయండి. రాలేనివారు ఈ వేసవిలో పచ్చళ్లకు, పులిహోరకు వాడిన చింతపండు గింజలు పారేయకుండా కడిగి ఎండబెట్టి, ఖాళీ అగ్గిపెట్టెలతో పాటు పంపండి. నాలుగో తరగతికి వచ్చే పిల్లలు ఈసారి వెయ్యి కట్టాలంటున్నారు.

— కార్యదర్శి