కళాకారుడంటే బిరుదులూ పింఛనేనా?

సంపాదకుడికి,

అయ్యా,

ఫిబ్రవరి 6న మీ జిల్లా పేజీలో బుర్రకథ కథకుడు షేక్ నాజర్ గారి జయంతి వార్త చదివి పది రోజులు ఓపిక పట్టాను. మరునాడు మీరే తప్పు దిద్దుకుంటారనీ, లేదా తెలిసినవారెవరైనా ఒక ఉత్తరం రాస్తారనీ ఎదురుచూశాను. రెండూ జరగలేదు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ఫొటో కింద ‘వీణతో నాజర్’ అని వేశారు. అది వీణ కాదండీ, తంబుర. ఆయనకు అటూ ఇటూ గుమ్మెటలు, అంటే చేత్తో వాయించే చిన్న డోళ్లు, పట్టుకుని నిలబడిన ఇద్దరు వంతలనూ, అంటే కథకుడికి వంత పాడేవాళ్లనూ, ‘ఇతరులు’ అన్నారు. లోపల వార్తలో ఆయనను ‘ప్రముఖ జానపద గాయకుడు’ అన్నారు. 1920లో పొన్నెకల్లులో పుట్టారు, పేదరికంలో పెరిగారు, 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. నాలుగు ముక్కల్లో మనిషి అయిపోయాడు. మిగిలిన జాగా అంతా చిత్రపటానికి పూలమాల వేసినవారి పేర్లకే సరిపోయింది. లెక్కపెట్టాను, పదమూడు పేర్లు. వాళ్లలో బుర్రకథ చెప్పేవాడు ఒక్కడూ లేడు.

ఇది మీ ఒక్క పత్రిక జబ్బు కాదు. రంగస్థల కళాకారుల గురించి ఎవరు ఏం రాసినా ఇదే మూస. ఎప్పుడు పుట్టాడు, ఏ బిరుదు వచ్చింది, పింఛను ఆగిందా అందుతోందా, ఇల్లు కారుతోందా. కారే ఇంటి గురించి రాయాల్సిందే, కాదనను. కానీ ఆ మనిషి అరవై ఏళ్లు వేదిక మీద చేసిన పని ఏమిటో ఒక్క వాక్యమైనా రాయరెందుకు? స్థానం నరసింహారావు గారి గురించి రాసేటప్పుడూ అంతే. బాపట్లలో పుట్టారు, ఆడవేషాలు వేశారు, 1956లో పద్మశ్రీ. అదే ఒంటితో, అదే గొంతుతో సత్యభామను ఒక రకంగా, చిత్రాంగిని ఇంకో రకంగా, మధురవాణిని వేరొక రకంగా ఎలా నిలబెట్టారో ఎవరికీ పట్టదు. ఒక్క పల్లవినే మళ్లీ మళ్లీ ఎత్తుకుంటూ, ఎత్తుకున్నప్పుడల్లా కొత్త భావం పలికించేవారని చూసినవాళ్లు పరవశించి చెప్పుకునేవారు. వార్త కావలసింది అది కాదా?

నాజర్ గారు గాయకుడు మాత్రమే కాదు. పాట ఆయన పనిలో మూడో వంతు. తక్కిన రెండు వంతులు మాటా ఆటా. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి, నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి, ఆ విద్యలన్నీ తెచ్చి బుర్రకథలో పోశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ ఆయన నోట విన్నవాళ్లు మా తరంలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి కథ ఉంది. మీ విలేకరి ఆ కాసేపు చూసి ఉంటే వీణకూ తంబురకూ తేడా తెలిసేది. గాయకుడు అన్న మాట కూడా రాసి ఉండేవారు కాదు.

మా ఊళ్లో ఆయన బాణీలో కథ చెప్పే ఒకాయన ఉండేవారు. మా వీధే. పగలు బట్టలు కుట్టేవారు, రాత్రి తలపాగా చుట్టి కథకుడయ్యేవారు. నా పదేళ్ల వయసులో రామాలయం ముందు పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో ఆయన పల్నాటి కథ విన్నాను. బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టం వచ్చింది. అప్పటిదాకా ఆయన ముందుకు నాలుగడుగులు, వెనక్కు నాలుగడుగులు వేస్తూ ఉన్నారు. కాళ్ల గజ్జెలు, చేతివేళ్లకు ఉంగరాల్లా తొడిగి మోగించే అందెలు, భుజం మీది తంబుర, వంతల గుమ్మెటలు అన్నీ కలిసి ఒకటే హోరు. భార్య మాంచాల ఎదురువచ్చి నిలబడిందని చెప్పి ఆయన ఠక్కున ఆగిపోయారు. తక్కిన చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. బొటనవేలి అందె ఒక్కటే మెల్లగా, గుండె కొట్టుకున్నట్టు మోగుతోంది. నా పక్కన కూర్చున్న మా నాయనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ బొటనవేలి మీద కాయ కాసి ఉండేది. మరునాడు నాకు చొక్కా కొలతలు తీసుకుంటుంటే చూశాను. ఇన్నేళ్లయినా ఆ కాయ నా కళ్ల ముందే ఉంది.

ఇక వంతల సంగతి. మీరు ‘ఇతరులు’ అని తీసిపారేసిన ఆ ఇద్దరూ ‘తందాన తాన’ అనడానికే ఉన్నారనుకుంటున్నారు కాబోలు. వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పల్నాటి కథలో మంత్రిణి నాగమ్మ మంత్రాంగం నడుస్తూ ఉండగానే రాజకీయం చెప్పే వంత అడ్డుపడి, మన ఊరి పెత్తందారు సంగతేమిటని అడిగేవాడు. జనం గొల్లుమనేవారు, ఆ పెత్తందారూ ముందు వరసలోనే కూర్చుని ఉండేవాడు. ఈ గొంతు ఉన్నందుకే బుర్రకథంటే ప్రభుత్వాలకు భయం. వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగిన రోజుల్లో ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు. వాటిని నిషేధించాల్సి వచ్చిందంటే వాటి బలమెంతో ఆలోచించండి.

ఇప్పుడు నిషేధం అక్కర్లేకుండానే ఆ నోరు మూయించారు. కిందటేడు మా మండలంలో ఒక అవగాహన సదస్సు పెట్టి బుర్రకథ దళాన్ని పిలిచారు. పొద్దున తొమ్మిదికి వేషాలు కట్టుకుని వచ్చిన ముగ్గురినీ మధ్యాహ్నం రెండు దాకా షామియానా వెనక నిలబెట్టారు. కూర్చోవడానికి కుర్చీ లేదు, మంచినీళ్లు నేను తెచ్చి ఇచ్చాను. చివరికి పది నిమిషాలు ఇచ్చి, చేతిలో ఒక కాగితం పెట్టి, పథకాల పేర్లన్నీ వరసగా చదివి తందాన అనమన్నారు. రాజకీయం చెప్పే వంతను సొంతంగా ఒక్క మాటా అనవద్దని ముందే హెచ్చరించారు. ఆయన వయసు డెబ్బై దాటింది. తల వంచుకుని గుమ్మెట వాయించాడు. అది చూసిన నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నాజర్ గారు కూడా ప్రచారమే చేశారు కదా అని ఒక అధికారి నాతో వాదించారు. చేశారు. బెంగాల్ కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే ఆ కథ కట్టి చెప్పారు. ఆకలిగొన్నవాడి పక్షాన నిలబడి ఏలినవారిని నిలదీయడం, ఏలినవారు రాసిచ్చిన కాగితం చదవడం ఒకటే అని చదువుకున్న మనిషి ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ రోజు సదస్సులో వందల మంది ఉన్నారు. వంత నోరు కట్టేశారని ఒక్కరైనా గమనించలేదు. ఎలా గమనిస్తారు? వంతకు ఒక నోరు ఉంటుందని వాళ్లకు చెప్పినవారెవరు? బడి పుస్తకంలో లేదు, టీవీలో లేదు, పత్రికల్లో జయంతికీ వర్ధంతికీ పుట్టిన తేదీ, పోయిన తేదీ, పద్మశ్రీ, దండలు. పని ఏమిటో జనానికి తెలియనప్పుడు ఆ పనిలో సగం కోసేసినా ఎవరూ అడగరు. అందుకే మీ మీద నాకింత కోపం. అధికారుల మీద ఆశ వదులుకుని చాలా కాలమైంది. పత్రిక మీద ఇంకా ఉంది.

ఈ నెల 22న నాజర్ గారి వర్ధంతి. ఆ సదస్సులో గుమ్మెట వాయించిన పెద్దాయన మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు. మీ విలేకరిని ఒక పూట పంపండి, నేను దగ్గరుండి తీసుకువెళతాను. పింఛను సంగతి అడిగాక, గుమ్మెట మీద చెయ్యి ఎలా పడాలో, కథకుడు మాట వదిలిన చోట వంత ఎలా అందుకోవాలో కూడా అడగమనండి. ఆయన వాయించి చూపిస్తారు. ఫొటో వేసేటప్పుడు మాత్రం ముగ్గురి పేర్లూ వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా