మౌస్ కింద వాచీ

సంపాదకులకు,

పాత నాయకత్వ సిద్ధాంతాలకు కాలం చెల్లిందని, ఎంబీయే సిలబస్ నుంచి తీసేయాలని మీ పత్రికలో ఒకాయన రాశారు. నేను ఎంబీయే చదవలేదు. ఉక్కు రాడ్లు తీసే రోలింగ్ మిల్లులో 31 ఏళ్లు చేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ట్రైనింగ్ క్లాసులో విన్నవి, తర్వాత సొంతంగా చదువుకున్నవి, అంతే.

క్లాసులో మొదట చెప్పింది, కూలీల పనిని వాచీ పెట్టి కొలిచిన అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ గురించి. అది నాయకత్వమో, పని పిండుకోవడమో నాకిప్పటికీ అనుమానమే. 1899లో అమెరికాలోని బెత్లెహేమ్ స్టీల్‌లో పిగ్ ఐరన్ (ముడి ఇనుము) దిమ్మెలు వ్యాగన్లలోకి మోసే పని. దిమ్మె ఒక్కోటి 42 కిలోలు. మనిషి రోజుకు 12.5 టన్నులు మోసేవాడని, తన పద్ధతిలో 47.5 టన్నులు మోశాడని టేలరే రాసుకున్నాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 అయింది. మోత దాదాపు నాలుగింతలు, కూలి రెండింతలైనా కాలేదు. ఆ లెక్క విని మా బ్యాచ్ మొత్తం నవ్వాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇంటి నుంచే ఇన్సూరెన్స్ క్లెయిముల పని చేస్తుంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఫోన్‌లో 20 నిమిషాలు పని నేర్పితే, ఆ సేపంతా ఖాళీగా కూర్చున్నట్టు లెక్కేశారు. సంక్రాంతికి వచ్చి నా పాత హెచ్‌ఎంటీ వాచీ అడిగింది. నాన్న గుర్తుగా ఉంచుకుంటుందని మురిసిపోయా. మౌస్ కింద పెట్టడానికట! సెకన్ల ముల్లు తిరుగుతుంటే స్క్రీన్ మీద బాణం కదులుతుందట.

మరి కాలం చెల్లింది ఎవరికండీ? టేలర్ లాప్‌టాప్‌లో దూరి కూర్చున్నాడు. బాధ్యత అప్పగిస్తే మనిషి తనే చూసుకుంటాడన్న నమ్మకంతోనూ పని నడపొచ్చని 1960లో చెప్పిన మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డగ్లస్ మెక్‌గ్రెగరే మూలన పడ్డాడు.

నేనేమీ మెత్తటి మనిషిని కాదు. మిల్లులో కాబుల్ అయి, అంటే దారి తప్పి, ఎర్రగా కాలిన రాడ్డు పక్కకు దూసుకొస్తే ఎవరి అభిప్రాయం అడుగుతాం? అరుస్తాం. నేనైతే బూతులు కూడా తిట్టాను. షిఫ్టు దిగాక టీ దగ్గర మాత్రం ఆపరేటర్నే అడిగేవాణ్ని, ఎందుకైందని. కారణం నాకంటే అతనికే బాగా తెలిసేది. కొత్తవాడికి దగ్గరుండి చెప్పాలి, పని వచ్చినవాణ్ని వదిలేయాలి అని మేనేజ్‌మెంట్ నిపుణులు హెర్సీ, బ్లాంచర్డ్ 1969లో చెప్పింది చదివినప్పుడు, మా మేస్త్రీలు చేసేది ఇదేగా అనిపించింది. మా అమ్మాయిది 11 ఏళ్ల అనుభవం. ఆమెకూ ఆ కొత్త కుర్రాడికీ ఒకటే ఎర్ర చుక్క.

అన్నట్టు అది బ్యాటరీ వాచీ కాదు, కీ ఇచ్చేది. రోజూ పొద్దున లాగిన్ అయ్యే ముందు గుర్తుపెట్టుకుని కీ ఇస్తోంది.

– ఒక రిటైర్డ్ ఫోర్‌మన్, గాజువాక, విశాఖపట్నం