నిద్రలేమి ఒంటి జబ్బు మాత్రమేనా?
నిద్రలేమిని ఒంటి బడలికగానే చూస్తున్నాం, మనసు మీద దాని దెబ్బ లెక్కలోకి రావడం లేదు. నిద్రపట్టని వారాల్లో మేనేజరు మెచ్చుకోలు నా చెవికెక్కదు. పక్క సీటాయన ‘సరే, చూద్దాం’ అన్న ముక్క మాత్రం సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంటుంది. ఇది ఉత్త చాదస్తం కాదు: రాత్రంతా మేల్కొన్నవారిలో, బాధపెట్టే చిత్రాలకు మెదడులో భయం వంటి భావోద్వేగాలకు స్పందించే అమిగ్డాలా అనే భాగం దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించిందని 2007లో ఓ ప్రయోగం చూపింది. (ఒక్క రాత్రి జాగారం, నెలల నిద్రలేమి ఒకటే కావనుకోండి.) దిగులుగా ఉందని వచ్చినవారిని వైద్యులు ముందు నిద్ర గురించి అడగాలి. వారానికి 3 రాత్రుల చొప్పున 3 నెలలుగా ఇదే తంతు అయితే, మాత్ర రాసేముందు నిద్రలేమికి ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే, మందుల్లేని చికిత్సకు) పంపాలి. అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే దాన్ని తొలి చికిత్సగా సిఫారసు చేసింది.