బోర్డు మీద ఒక మనిషి పేరు రాయించండి సార్

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. జిల్లాలోనే పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను, రోజూ బస్సులో పోయి వస్తాను. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉండటంతో బ్యాగులో పుస్తకాలతో పాటు ఇన్‌హేలర్ కూడా పెట్టుకుంటాను. మా కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో చదివే నా స్నేహితులందరూ తమ క్యాంపస్‌లోనూ సిగరెట్ పొగను ఆపేవాళ్లు లేరనే చెబుతున్నారు కాబట్టి ఇది ఒక్క కాలేజీ గొడవ అనుకోవడం లేదు.

మా క్యాంటీన్ గోడ మీద ‘పొగ తాగరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సరిగ్గా ఆ గోడకే ఆనుకుని నలుగురైదుగురు సిగరెట్లు కాలుస్తుంటారు. లైబ్రరీ వెనక మెట్లు, సైకిల్ స్టాండ్, మగపిల్లల హాస్టల్ వరండా, అన్ని చోట్లా అంతే. పొద్దున్నే ఊడ్చే అమ్మ చేటలో చెత్త కంటే సిగరెట్ పీకలే ఎక్కువ ఉంటాయి, వానాకాలంలో అవి మెట్లకు అంటుకుపోతే చేత్తో గీకి తీస్తుంది, చూస్తుంటే నాకే సిగ్గేస్తుంది.

పోయిన చలికాలంలో ఒకరోజు క్యాంటీన్‌లో పొగకు నాకు ఊపిరి ఆడలేదు. పక్కనే ఉన్న సీనియర్‌ను ‘అన్నా, కొంచెం బయటికెళ్లి తాగవా’ అని అడిగితే ‘నువ్వే బయటికెళ్లు చెల్లె’ అన్నాడు. ఆఫీసుకు పోయి చెప్పాను. క్లర్కు సార్ సెక్యూరిటీకి చెప్పమన్నారు, సెక్యూరిటీ తాత హాస్టల్ వార్డెన్‌కు చెప్పమన్నాడు, వార్డెన్ సార్ అది క్యాంటీన్ కాంట్రాక్టరు చూసుకోవాలన్నారు, క్యాంటీన్ ఆయన ‘నేను అడిగితే నాకు గిరాకీ పోతది బిడ్డా’ అన్నాడు. సగం రోజు తిరిగాను సార్. ఎవరూ నన్ను కసురుకోలేదు, అందరూ మంచిగానే మాట్లాడారు. కానీ ‘అది నా పని’ అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ రాత్రి ఇంటికి పోయి చట్టంలో ఏముందో చదివాను. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం విద్యాసంస్థ అంటే బహిరంగ ప్రదేశమే, అక్కడ పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో ఇంకో మాట ఉంది, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమే అది. ‘ఇది పొగ తాగకూడని ప్రాంతం, ఇక్కడ తాగడం నేరం’ అనే బోర్డు పెడితే సరిపోదు, ఎవరైనా తాగుతుంటే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా అందరికీ కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందాక కూడా పట్టించుకోకపోతే, ఎన్ని తప్పులు జరిగాయో అంత జరిమానా ఆ సంస్థ బాధ్యులే కట్టాలి. విద్యాసంస్థల్లో జరిమానా రాసే అధికారం ప్రిన్సిపాల్‌కు, పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఇంత స్పష్టంగా రాసి ఉంటే, నేను తిరిగిన ఏ గోడ మీదా ఒక్క పేరు కూడా ఎందుకు లేదు సార్?

పేరు ఉంటే ఏం మారుతుంది అంటారేమో. మా పల్లెవెలుగు బస్సునే చూడండి. ఎవరైనా పెద్దాయన ఫుట్‌బోర్డు దగ్గర బీడీ ముట్టిస్తే కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి ‘ఓ తాతా, ఆర్పెయ్, లేకుంటే దిగు’ అంటాడు, తాత ఆర్పేస్తాడు, బస్సు సాగిపోతుంది. అక్కడ బోర్డు ఎంత పెద్దదో ఎవరూ చూడరు. బస్సులో దానికి బాధ్యుడు కండక్టర్ అని ఎక్కిన ప్రతి మనిషికీ తెలుసు, అంతే. మా క్యాంపస్‌లో కండక్టర్ లేడు.

సిగరెట్లు తాగేవాళ్లకు క్యాంపస్‌లో ఒక మూల కేటాయిస్తే గొడవ ఉండదు కదా అని కొందరు సార్లు అంటారు. చట్టం అలాంటి గదులకు వీలిచ్చింది కనీసం 30 గదులున్న హోటళ్లకు, కనీసం 30 మంది కూర్చునే రెస్టారెంట్లకు, విమానాశ్రయాలకు మాత్రమే. కాలేజీకి ఆ వెసులుబాటు లేదు. ఇంకో మాట కూడా భయపడకుండా చెబుతాను, తాగేవాళ్లు పిల్లలొక్కరే కాదు. స్టాఫ్ రూమ్ వెనక కిటికీ దగ్గర కొందరు సార్లు కూడా తాగుతారు. సార్ చేతిలో సిగరెట్ చూసిన పిల్లవాడికి ఏ బోర్డు చూపించి ఏం లాభం? మొదటి జరిమానా రసీదు స్టాఫ్‌కు రాస్తే, రెండోది రాయాల్సిన అవసరం చాలా తక్కువ పడుతుందని నాకు గట్టి నమ్మకం.

గేటు బయట సంగతి వేరు. విద్యాసంస్థ ప్రహరీ నుంచి 100 గజాల లోపల, అంటే దాదాపు 91 మీటర్ల లోపల, పొగాకు ఏదీ అమ్మకూడదు. మా గేటుకు ఎదురుగానే మూడు పాన్ డబ్బాలు ఉన్నాయి. వాటిని ఒక రోజు జేసీబీతో లేపేసి ఫొటోలు దిగమని నేను అడగను, దయచేసి అలా చెయ్యకండి. అందులో ఒక డబ్బా మీద ఒక ఒంటరి అమ్మ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కొలిచి, సిగరెట్లు, బీడీలు, జర్దా తీసేయించి, చాయ్, మిర్చి బజ్జీ, జిరాక్స్ పెట్టుకోవడానికి ఒక చిన్న లోన్ ఇప్పిస్తే ఆమె అక్కడే బతుకుతుంది. ఈ-సిగరెట్లయితే 2019 నుంచి దేశమంతటా నిషేధం, వాటి అమ్మకాల మీద మాత్రం పోలీసులు కఠినంగానే ఉండాలి.

తాగే పిల్లలను కూడా నేను దొంగల్లా చూడలేను. మా నాయన బత్తాయి తోటలో పని చేసేవాడు, రోజుకు రెండు కట్టల బీడీలు. గొంతులో గడ్డ అని తెలిశాక హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఏడు నెలలు తిప్పాము. మాట పోయాక పలక మీద రాసి చూపించేవాడు. మానాలని ఆయన చాలాసార్లు అనుకున్నాడు, ఎలా మానాలో చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే జరిమానా రసీదు వెనక 1800 11 2356 నంబర్ అచ్చు వేయించండి. పొగాకు మానాలనుకునే వాళ్లకు ప్రభుత్వమే నడిపే ఉచిత ఫోన్ అది. హాస్టల్ గదుల మీద రాత్రిపూట దాడులు చేయడం, తల్లిదండ్రులను పిలిపించి అందరి ముందు నిలబెట్టడం వద్దు. వాళ్లు ఇంకా చాటుకు పోతారు, అంతకు మించి ఏమీ జరగదు.

కాబట్టి సార్, కొత్త జీవో అవసరం లేదు, కొత్త కమిటీ అసలే వద్దు. రాష్ట్రంలోని ప్రతి యూనివర్సిటీకి, కాలేజీకి ఒక్క సర్క్యులర్ పంపండి. గేటు దగ్గర, క్యాంటీన్‌లో, లైబ్రరీలో, ప్రతి హాస్టల్లో ఉన్న బోర్డు మీద ఒక మనిషి పేరు, హోదా, ఫోన్ నంబర్ ఉండాలి. ఆయన చేతిలో రసీదు పుస్తకం ఉండాలి. నెలకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని రసీదులు రాశారో నోటీసు బోర్డులో పెట్టాలి. ఖర్చు పెయింట్ డబ్బాకు, రసీదు పుస్తకానికి అయ్యేంత.

నా చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. మా తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు, వాడికీ నాలాగే ఆయాసం. వచ్చే ఏడాది డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో సీటు వచ్చి ఏదో ఒక కాలేజీ గేటు దాటుతాడు. ఆ అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఈ పని చేయించండి సార్.

ఇట్లు,
దేవరకొండ దగ్గరి ఒక పీజీ విద్యార్థిని